సూట్‌కేసు కాటా, జంట సిలిండర్లు

లాక్‌డౌన్‌లో, ఐర్లండ్‌లోని నేవన్ ఊళ్లో ఉన్న మా ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదు. సముద్రం అంతకన్నా దూరం. నాకు దొరికిన నీళ్లల్లా పెరట్లోని చెత్త డబ్బాలో పట్టినవే. దాన్ని కడిగి, గొట్టంతో నింపి, అందులో నా డైవింగ్ సామాను తూచడం మొదలుపెట్టాను.

కిల్‌కెన్నీ ఆసుపత్రిలో పనిచేసే ఒక తెలంగాణ డాక్టరు నాకు డైవింగ్ జోడీ. వార్డు తప్ప మరో ధ్యాస లేని రోజులవి. "నాకు టైం లేదన్నా. నువ్వు ఏది తీసుకుంటే నేను గదే తీసుకుంట," అన్నాడు. అప్పటినుంచీ లెక్క నా ఒక్కడిది కాకుండా పోయింది. తప్పితే ఇద్దరం మునుగుతాం.

తేల్చాల్సినవి రెండు. చన్నీళ్లలో గాలి అందించే పరికరం ఒక్కోసారి గడ్డకట్టి మొరాయిస్తుంది. అందుకే వీపున జంట సిలిండర్లు, వాటికి రెండు పరికరాలు. ఒకటి చెడితే దాన్ని కట్టేసి రెండోదానితో బయటపడవచ్చు. ఆ సిలిండర్లు పది లీటర్లవా, పన్నెండువా? ఇక వీపుకూ సిలిండర్లకూ మధ్య ఉండే గాలిసంచిని వింగ్ అంటారు. అది ఎన్ని కేజీలను తేల్చగలగాలి? ఇంటర్నెట్‌లో ఒకడు పద్దెనిమిది చాలన్నాడు. ఇంకొకడు ఇరవై ఏడు లేకపోతే చావేనన్నాడు. మరొకడు పెద్ద సంచిలో గాలి అటూ ఇటూ పొర్లి మనిషిని బోర్లా వేస్తుందన్నాడు. ముగ్గురూ లెక్కలు చూపించారు. ముగ్గురివీ సరిగ్గానే కనిపించాయి.

సిలిండర్లు మాత్రం పన్నెండువే ఖాయం చేశాను. నా దగ్గర అవే ఉన్నాయి, తూచి చూసుకోవచ్చు. గాలి నింపే చోటు మూసేశారు కాబట్టి రెండూ ఖాళీ. ఇండియా ప్రయాణాలు లేక కిచెన్ అల్మరాలో పడి ఉన్న సూట్‌కేసు కాటా తీశాను. సిలిండర్లకు వీపున ఆనే ఉక్కు పలక, పరికరాలు, సీసం దిమ్మలు అన్నీ బిగించి, కాటాకు వేలాడదీసి డబ్బాలోని నీళ్లలోకి దింపాను. పక్కింటి ఐరిష్ పెద్దాయన గోడమీదుగా చూసి, సారా కాస్తున్నావా అని అడిగాడు.

కాటా పన్నెండు చూపించింది. మా ఆవిడ టీ గ్లాసుతో వచ్చి నిలబడింది.

"ఎన్ని కేజీలొచ్చిందండీ మీ లగేజీ?"

"పన్నెండు."

"ఇంకేం, ఊరగాయలు కూడా పడతాయి."

పద్దెనిమిది కేజీల వింగ్ తీసుకుంటే ఇంకా ఆరు మిగులు. తృప్తిగా డాక్టరుకు ఫోన్ చేశాను.

"గాలి లెక్కల ఏసినవా అన్నా?"

"గాలికి బరువేంటి తమ్ముడూ?"

"ఏంది, ఖాళీ సిలిండర్లతోని దునుకుతవా సముద్రంల?"

మా ఇంట్లో గ్యాస్ అయిపోయిందో లేదో సిలిండర్ ఎత్తి చూసి చెప్పేవాళ్లం. అది నాకు తెలుసు. కానీ అందులో ఉండేది ద్రవం, ఇందులో ఉండేది ఉత్త గాలి అనుకున్నాను. ఇరవై నాలుగు లీటర్లు, రెండు వందల ముప్పై రెట్లు కుక్కిన గాలి. కాగితం మీద వేస్తే ఆరున్నర కేజీలు దాటింది. మొత్తం పద్దెనిమిదిన్నర పైన.

"అయినా చన్నీళ్లకని వేసుకునే సూట్‌లో గాలి ఉంటుందిగా, అది తేలుస్తుంది," అన్నాను.

"అది నిన్ను తేలుస్తది. బోటెక్కే ముందు కిట్టు నీళ్లల్లనే ఇడిచి పైకి అందియ్యాలె గద. అప్పుడు దాన్నెవడు తేలుస్తడు?"

నా లెక్కలన్నిటిలోనూ సామానులో నేను ఉన్నాను. దాన్ని విప్పేసిన నేను ఎక్కడా లేను. కానీ బోటెక్కేది చివర్లో కదా, అప్పటికి గాలి వాడేసి ఉంటాం, బరువు తగ్గుతుంది. మరి దిగగానే ఏదో చెడి వెనక్కి రావలసి వస్తే? ఇలా రెండు వైపులా వాదించుకుని, ఎటూ తేలక, ఇరవై మూడు కేజీల వింగ్‌లు రెండు ఆర్డర్ చేశాను.

"విమానంలోనూ ఇరవై మూడే, నీళ్లలోనూ ఇరవై మూడేనా?" అంది మా ఆవిడ.

ఆంక్షలు సడలించాక పడమటి తీరంలో పడవలు ఆగే ఒక పియర్ దగ్గర ఇద్దరం దిగాం. సిలిండర్లు నిండుగా ఉన్నాయి. మునగక ముందే వింగ్ నింపి, బకిల్స్ విప్పి, కిట్‌లోంచి బయటికి వచ్చాను. పట్టీ మాత్రం వదల్లేదు.

"ఇడువన్నా."

"ఉండు."

"నీ లెక్క మీద నీకే నమ్మకం లేకుంటే నేనెట్ల దిగుత?"

ఒక్కో వేలూ తీశాను. కిట్ కొంచెం దిగి ఆగింది. సిలిండర్ల తలలు నీటిపైన కనబడుతూ ఉన్నాయి. నాలుగు కేజీలకు పైగా మిగులుంటే ఇంకా పైకి తేలాలి అనిపించింది. అరచేత్తో నొక్కి చూశాను. చేతికి కేజీలు తెలియవు, కాటా ఇంట్లో ఉంది.

"సరిపోయిందా?" అన్నాడు, తన బకిల్ మీద చెయ్యి వేసి.

"తేలుతోంది," అన్నాను. అతను అదే జవాబనుకుని తనదీ విప్పాడు.