బావ ఎక్కించిన పాటలు

పాటలకు నెలనెలా చందా కట్టడమనేది మొదట నాకు నవ్వులాటగా అనిపించింది. పేపరుకు చందా కడతాం, కేబుల్ టీవీకి కడతాం. పాటకు చందా ఏమిటి? నా దృష్టిలో పాటంటే చేత్తో పట్టుకునేది. కామారెడ్డిలో మా ఇంట్లో ఒక ఇనుప పెట్టె నిండా క్యాసెట్లు ఉండేవి. అట్టల మీద పాటల పేర్లన్నీ నా చేతిరాతే. ఎవరైనా అడిగితే ఇచ్చేవాణ్ణి కాదు, ఇక్కడే కూర్చుని విని వెళ్లమనేవాణ్ణి. ఆ పెట్టె విషయంలో నేను పరమ పిసినారిని.

టేప్ రికార్డర్ మూలపడింది. బాగుచేసేవాళ్లు దొరకలేదు. చివరికి పోయినేడు ఫోన్‌లో చందా కట్టేశాను. వారం రోజులు నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఏ పాట అడిగితే ఆ పాట వస్తుంది. రిబ్బన్ చిక్కుపడదు, పెన్సిల్ దూర్చి తిప్పే పని లేదు. ఆ ఊపులో ఒకరోజు మా వీధిలోకి పాత సామాను బండి వస్తే, పెట్టె తెరిచి క్యాసెట్లన్నీ గోనెసంచిలో కుమ్మరించాను. బండివాడు తూచి, ప్లాస్టిక్‌కు బదులుగా ఉల్లిగడ్డలు పోసి వెళ్లాడు. ఇల్లు ఖాళీ అయిందని సంతోషపడ్డాను కూడా.

ఆ పెట్టె అడుగున, గుడ్డసంచిలో, అక్కవి నాలుగు క్యాసెట్లు ఉన్నాయన్న సంగతి నాకు గుర్తు రాలేదు.

అక్క ఎల్లారెడ్డిలో ఉంటుంది, బీడీలు చుడుతుంది. బావ దుబాయి వెళ్లే ముందు రోజు కామారెడ్డి వచ్చి, రికార్డింగ్ షాపులో పాటల పట్టీ రాసిచ్చి, ఆమె కోసం ఆ క్యాసెట్లు ఎక్కించాడు. అప్పట్లో అందరం అదే చేసేవాళ్లం. ఖాళీ క్యాసెట్ కొని, నచ్చిన పాటలు నచ్చిన వరుసలో ఎక్కించుకునేవాళ్లం. రెండేళ్లకు వస్తానన్న బావ ఏడాది తిరగకముందే అక్కడి పనిలో ప్రాణం పోగొట్టుకుని శవమై వచ్చాడు. ఇరవై ఏళ్లు దాటింది. అప్పటి నుంచీ అక్క ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ ఆ పాటలే వినేది. ఒక వైపు అయిపోగానే లేచి, నడుము సాపు చేసుకుని, క్యాసెట్ తిప్పి మళ్లీ కూర్చునేది. వాటిలో రిబ్బన్ నలిగిందంటే బాగుచేయించి ఇస్తానని నేనే తెచ్చాను.

ఉల్లిగడ్డలు అయిపోయిన కొన్నాళ్లకు చిన్న స్పీకర్ ఒకటి కొని, అక్కకు చూపిద్దామని లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే బస్సెక్కాను. నేను గడప దాటకముందే అక్క అడిగింది.

"నా క్యాసెట్లు తెచ్చినవా తమ్మీ?"

అప్పుడు గుర్తొచ్చింది. అబద్ధం చెబుదామనుకున్నాను గాని నాకు చేతకాలేదు.

"పోయినయక్కా. నావాటితోని కలిపి ఉల్లిగడ్డల బండికి ఏసిన. గని ఆ పాటలన్నీ ఫోన్ల ఉన్నయి."

అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. చాటలోని తంబాకును వేళ్లతో అటూ ఇటూ సవరిస్తూ కూర్చుంది. కాసేపటికి, "ఏదీ, వెట్టు ఇందం," అంది.

ఆమెకు బాగా ఇష్టమైన పాట పెట్టాను. అది అయిపోగానే అక్క తర్వాతి పాట ఎత్తుకుంది. ఫోన్ ఇంకేదో పాడింది. ఆమె గొంతు అక్కడే ఆగిపోయింది.

"గిది గాదురా. మీ బావ దీనెనక గిది ఎక్కియ్యలే."

"వరుస చెప్పక్కా, గట్లనే పెడత."

చెప్పింది. బీడీకి దారం చుడుతూనే, నాలుగు క్యాసెట్లు, ఎనిమిది వైపులు, ఎక్కడా తడబడకుండా చెప్పింది. సినిమాల పేర్లు ఆమెకు తెలియవు. పల్లవి పాడి వినిపిస్తే నేను వెతికి పట్టుకున్నాను. సాయంత్రానికి వరుస కుదిరింది. తప్పు దిద్దుకున్నానన్న ధైర్యంతో అన్నిటికంటే చివర కుదిరిన నాలుగో క్యాసెట్ రెండో వైపు పెట్టాను. అక్క ముఖంలో కొంచెం తేటదనం వచ్చింది. పాట తర్వాత పాట ఆమె అనుకున్నట్టే వస్తోంది.

ఆఖరి పాట సగానికి వచ్చింది. అక్క చాట పక్కన పెట్టి, అలవాటు ప్రకారం లేచింది. పాట మాత్రం ఆగలేదు, ఇంకో చరణంలోకి వెళ్లింది. అక్క ఉలిక్కిపడి నా వైపు చెయ్యెత్తింది. సరిగ్గా వినబడడం లేదేమో అనుకుని నేను సౌండ్ పెంచాను. ఆమె దర్వాజా పట్టుకుని, కదలకుండా, ఆ పాట పూర్తయ్యేదాకా నిలబడింది.

"క్యాసెట్ల ఇది సగమే ఉండెనా అక్కా? ఫోన్ల మొత్తం ఉన్నది," అన్నాను సంబరంగా.

అక్క నా వైపు తిరగలేదు.

"రిబ్బన్ సాలదని షాపాయన చెప్పిండట. ఉన్నకాడికి ఎక్కియ్యుమన్నడట మీ బావ. క్యాసెట్లు నా చేతుల పెట్టుకుంట, మిగిలింది నేనొచ్చినంక ఇద్దరం కలిసి ఇందం అన్నడు."

ఫోన్ తిరగేసి నేల మీద పెట్టాను.

"ఎవరింట్ల ఈ పాటొచ్చినా గా సగంకాడికి రాంగనే లేచి బయటికి పోయేదాన్ని," అంది అక్క. "ఇయ్యాల ఒక్కదాన్నే ఇన్న తమ్మీ."