మా చెల్లె ఎడమచెయ్యి

నమ్మితే నమ్మండి, లేకపోతే తిరిగి పడుకోండి. నేను తాగలేదు. అది కలా కాదు. మా చెల్లె లచ్చవ్వ మీద ఒట్టు.

లచ్చవ్వ రజాకార్ల గొడవల్లో పుట్టిన పిల్ల. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. నాలుగడుగులు వేస్తే పెదవులు నీలంగా మారేవి. మద్రాసు వైపు ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించాను. పెదవులు ఎర్రబడ్డాయి... ఎడమచెయ్యి పడిపోయింది. రక్తపుగడ్డ మెదడుకు పోయిందన్నాడు డాక్టరు. మళ్లీ లేస్తుందా అంటే, చూద్దాం అన్నాడు. ఏం చూస్తాడు? చూడటానికి బెల్లంపల్లి వస్తాడా?

ఇంటికొచ్చాక ఇంకో తంటా. ఆ చెయ్యి తనది కాదంటుంది. పక్కలో ఎవరో పడుకున్నారంటుంది. కన్నతల్లి కదా, గుర్తుపడుతుందేమోనని మా అవ్వ ఆ చేతికి గాజులు తొడిగింది.

"గాజులు నాయే... చెయ్యి నాది గాదవ్వా" అంది.

అవ్వ ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. వాడకట్టు వాళ్లేమో గాలి సోకింది, మంత్రగాణ్ణి పిలవమని ఒకటే పోరు.

ఆ రాత్రి నాకు గనిలో డ్యూటీ లేదు. కరెంటు పోయింది. చెల్లె మంచానికి ఎడమపక్కన, కింద పడుకున్నాను.

"అన్నా... గీమెను పొమ్మను. నిద్ర పట్టనిస్తలేదు."

"ఎవలు లేరే! గది నీ చెయ్యే. ఎన్నిసార్లు చెప్పాలె?" కసిరాను.

"గట్లనా... మరి లేస్తున్నది సూడు."

దూరంగా బొగ్గు బండి కూత... తర్వాత ఏమీ లేదు. తర్వాత... గాజులు. ఒక్కసారి గల్లుమని ఆగాయి. మళ్లీ... మంచం పట్టెకు రాసుకుంటూ... కిందికి. నా మణికట్టు మీద వేళ్లు పడ్డాయి. చల్లగా. మెల్లగా బిగిశాయి... నొప్పి పుట్టేంతగా. అగ్గిపుల్ల గీయాలంటే రెండు చేతులు కావాలి. ఒకటి దాని పట్టులో ఉంది.

"లచ్చవ్వా... నువ్వేనా పట్టుకున్నది?"

"నేను గాదన్నా. నా చెయ్యి నా కడుపు మీదున్నది."

పట్టు వదిలింది. అగ్గిపుల్ల గీశాను. కుడిచెయ్యి నిజంగానే కడుపు మీద ఉంది. ఎడమచెయ్యి మంచం మీంచి వేలాడుతోంది. ఎత్తి వదిలాను... తడిగుడ్డలా పడిపోయింది.

కలగన్నావన్నాడు ఇక్కడి డాక్టరు. నేను జెప్తలేనా అంది అవ్వ, మంత్రగాడి మాట మళ్లీ ఎత్తుతూ. ఇద్దరి మీదా అరిచాను. నన్ను పట్టుకున్నది ఆ చెయ్యే అయితే, అందులో ఇంకా ప్రాణముంది. అంటే ఎప్పటికైనా లచ్చవ్వ తన జడ తనే వేసుకుంటుంది. కాకపోతే... మరి ఎవరు?

డ్యూటీ లేని రాత్రి ఇప్పటికీ దీపం ఆర్పేసి అక్కడే పడుకుంటాను, మంచం పక్కన చెయ్యి చాపి. భయంగానే ఉంటుంది. అయినా చీకట్లోకి చూస్తూ అడుగుతాను... పట్టుకోవే. ఎవలైతేంది... ఒక్కసారి పట్టుకోవే.