కాలరు లోపలి నంబరు

బహ్రైన్‌లోని గుదైబియాలో లాండ్రీలకు కొదవ లేదు. సందుకు రెండు, కొన్ని సందుల్లో మూడు. కానీ ముప్ఫై తోబులు సైకిలు మీద వేలాడేసుకుని, వంతెన దాటి, ఎదురుగాలిలో బుసైతీన్ దాకా వెళ్ళి, ఒక్కటీ నలగకుండా అప్పజెప్పే మనిషి మాత్రం ఒక్కడే. పేరు లింబాద్రి, ఊరు కోరుట్ల పక్కన, వయసు నలభై ఏడు. తోబులంటే అరబ్బులు తొడుక్కునే తెల్లటి నిలువు అంగీలు. వాటి మీద అక్కర్లేని మడత ఒక్కటి కనిపించినా అవి తిరిగి లాండ్రీకి వస్తాయి, వాటితోపాటు తిట్లూ వస్తాయి. పంతొమ్మిదేళ్ళలో లింబాద్రి అలాంటి తిట్లు తిన్నది రెండుసార్లే. ఆ రెండుసార్లూ తప్పు పావురాలది.

అతనిది ఇనుప సైకిలు. హ్యాంగర్లు తగిలించడానికి ముందూ వెనకా చువ్వలు వెల్డింగు చేయించుకున్నాడు. తోబు నలగకూడదంటే సైకిలు ఊగకూడదు. సైకిలు ఊగకూడదంటే తొక్కేవాడు నడుం పైన శిలలా ఉండాలి. అందుకని గాలి వచ్చినా, గుంత వచ్చినా, పక్కనుంచి ట్రక్కు హారన్ కొట్టుకుంటూ పోయినా లింబాద్రిది ఒకటే వేగం. దాన్ని ఎవరైనా యోగాభ్యాసం అంటే అతను నవ్వేవాడు. అతని దృష్టిలో అది డ్యూటీ.

నవంబరులో ఒకరోజు కొట్టు చూసుకునే రాజనర్సు కబురు చల్లగా చెప్పాడు.

"తమ్మీ, జనవరి ఎల్లినంక వ్యాను వస్తది. డ్రైవరును గూడ మాట్లాడిన. నువ్వు ఇస్త్రీ టేబుల్ కాడ నిలబడు. ఇగ నీకు ఎండల తిరుగుడు తప్పింది."

"ఎందుకన్నా? నేనేమన్న ఆలస్యం జేసిన్నా?"

"లేదు. ముసలోడివైతున్నవ్. రేపు యాడనన్న రోడ్డు మీద పడ్తె నా మెడకు సుట్టుకుంటది."

మేలు చేస్తున్నవాడి మొహం పెట్టి మరీ చెప్పాడు. లింబాద్రి లోపలి గది వైపు చూశాడు. ఇస్త్రీ గదికి కిటికీ లేదు. ఉన్నదల్లా ఆవిరి, నలుగురు మనుషులు, వాళ్ళ చెమట. ఇన్నేళ్ళూ రోజుకొకసారి వంతెన ఎక్కి రెండు పక్కలా సముద్రం చూడటమే అతనికున్న ఏకైక షికారు. అది పోతే ఇక ఈ దేశంలో ఉన్నా ఒకటే, బావిలో ఉన్నా ఒకటే అనుకున్నాడు.

సరిగ్గా ఆ వారమే సుబ్బారావుగారి నిక్కర్లు లాండ్రీకి వచ్చాయి.

సుబ్బారావుగారిది కాకినాడ. ఇక్కడ ఒక కంపెనీలో ఆడిటరు. బుసైతీన్‌లో ఫ్లాటు, భార్య సీతారత్నం, కొంచెం పొట్ట. యాభై దాటిన మగవాళ్ళలో కొందరికి భక్తి వస్తుంది, కొందరికి షుగరు వస్తుంది. ఈయనకు సైకిలు వచ్చింది. నల్లగా, బిగుతుగా, అడుగున మందపాటి మెత్త కుట్టి ఉన్న ఆ నిక్కర్లను లింబాద్రి తిప్పి తిప్పి చూసి, పాపం అనుకున్నాడు. డెలివరీకి వెళ్ళినప్పుడు సీతారత్నం వినకుండా గొంతు తగ్గించాడు.

"మూలశంక ఆపరేషన్ ఎప్పుడైంది సారూ? కూసునేటప్పుడు జర పైలం."

అది ఆపరేషన్ కాదనీ, సైకిలు పందెగాళ్ళ నిక్కరనీ, జనవరిలో దీవి చుట్టూ మూడు చుట్లు తిరిగే మూడు వందల కిలోమీటర్ల సవారీ ఉందనీ, ఇరవై గంటల్లో ముగించినవాళ్ళకు సర్టిఫికెట్ ఇస్తారనీ సుబ్బారావుగారు గుమ్మంలోనే పావుగంట ఉపన్యాసం ఇచ్చారు. ఆయన సైకిలును చిటికెన వేలితో ఎత్తొచ్చట. ఎత్తి చూపించారు కూడా.

రెండ్రోజుల తర్వాత వంతెన మీద, ఎదురుగాలికి మెలికలు తిరుగుతున్న ఆ చిటికెన వేలి సైకిలును లింబాద్రి ఇరవై ఎనిమిది తోబులతో దాటేశాడు. మర్యాద గల మనిషి కాబట్టి దాటుతూ నమస్తే కూడా పెట్టాడు. సుబ్బారావుగారు అవమానంతో కుంగిపోయేవారే. కానీ ఆడిటరు బుర్ర కదా, తోబుల వెనక గాలి లేదని వెంటనే కనిపెట్టింది. ఇంటిదాకా ఆ నీడన హాయిగా వచ్చారు. సాయంత్రం తనే లాండ్రీకి వచ్చి, "నువ్వు కూడా పేరివ్వవయ్యా లింబాద్రీ. శిక్షణ సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

రాజనర్సు పగలబడి నవ్వాడు.

"మూడు వందల కిలోమీటర్లా? గీ ఇనుప సామాన్ మీదనా?"

"తొక్కితె?" అన్నాడు లింబాద్రి.

"తొక్కినట్టు కాయితం తెచ్చి సూపియ్యి. వ్యాను క్యాన్సల్. నువ్వు సచ్చేదాక సైకిల్ నీదే."

అంతే, ఖలాస్. నలుగురూ విన్నారు కాబట్టి ఇక వెనక్కి తీసుకునే మాట కాదు.

శిక్షణ శుక్రవారాల్లో. లింబాద్రి ముందు, సుబ్బారావుగారు వెనక. శ్వాస ఎలా తీయాలో, మోకాలు ఎంత వంచాలో, గంటకు ఎన్ని గుక్కల నీళ్ళు తాగాలో ఆయన వెనకనుంచి చెబుతూనే ఉండేవారు. కొంతసేపటికి చెప్పడానికి ఊపిరి చాలేది కాదు, అప్పుడు ఇద్దరికీ సుఖంగా ఉండేది. ఆయన ట్యూబులోంచి ఏదో తీపి జిగురు పిండుకునేవారు. లింబాద్రి కెఫెటీరియా పరాటా కాగితంలో చుట్టి తెచ్చుకునేవాడు. దీవి పడమటి తీరాన జల్లాక్ దాకా వెళ్ళి వచ్చేసరికి ఆయన గడియారం ఆయన గుండె గురించి భయంకరమైన సంగతులు చెప్పేది. లింబాద్రికి గడియారం లేదు గనుక గుండె బాగానే ఉండేది.

ఒక శుక్రవారం సీతారత్నం అతనికి ఉప్మా పెడుతూ, "మీ సారు ఒంటరిగానే తొక్కుతారటగా. తెలుగు సంఘంలో అందరికీ అదే చెబుతున్నారు. మరి నువ్వెటు వెళ్తావు?" అని అడిగింది.

"నేను ముంగట పోతనమ్మా. సారు ఒంటరిగ ఎనక వస్తడు," అన్నాడు లింబాద్రి. సీతారత్నం అతని ప్లేటులో ఇంకో గరిటె ఉప్మా వేసింది.

సవారీ ముందురోజు నంబర్లు ఇచ్చారు. అరచేతిలో సగముండే గుడ్డముక్క, నాలుగు పిన్నీసులు, ఇంగ్లీషులో నిబంధనల కాగితం. లింబాద్రిది నూట పదిహేడు, సుబ్బారావుగారిది నూట పదహారు. లింబాద్రికి ఇంగ్లీషు రాదు, చదివించుకోవలసిన అవసరమూ కనబడలేదు. నంబరు ఎక్కడుండాలో లాండ్రీ మనిషికి ఇంకొకరు చెప్పాలా? కాలరు లోపల. నంబరు బయటికి కనిపించే బట్ట వేసుకుని పెద్దమనిషి ఎవడైనా తిరుగుతాడా? పైగా పిన్నీసులు గుచ్చితే చొక్కాకు చిల్లులు. అంచులు కత్తిరించి, నాలుగు పక్కలా సన్నటి కుట్టు వేసి, కాలరు మడిచి చూసుకుని తృప్తి పడ్డాడు.

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరారు. తోబులు లేని చువ్వలకు అరటిపళ్ళూ నీళ్ళ సీసాలూ వేలాడుతున్నాయి. చుట్టుకు మూడు చోట్ల మనుషులు నిలబడి వీపుల మీది నంబర్లు చూసి రాసుకుంటున్నారు. మొదటి చోట, రెండో చోట, తొమ్మిదో చోట కూడా వాళ్ళకు కనిపించింది ఇదే: ముందు ఎవడో లాండ్రీవాడు డ్యూటీ మీద పోతున్నాడు, వెనక నూట పదహారు ఒంటరిగా పోరాడుతున్నాడు. నూట పదహారుకు చప్పట్లు కూడా కొట్టారు.

రెండో చుట్టులో, జల్లాక్ దాటాక, సుబ్బారావుగారు ఆగిపోతానన్నారు.

"నా వల్ల కాదయ్యా. నువ్వెళ్ళిపో."

"మాట్లాడకుండ్రి సారూ. నా ఎనక చక్రం సూసుకుంట రాండ్రి."

మూడో చుట్టులో లింబాద్రి మోకాలు కూడా మొరాయించింది. తొక్కిన ప్రతిసారీ సూది గుచ్చినట్టుంది. దిగి కూర్చుందామనిపించినప్పుడల్లా కిటికీ లేని గది గుర్తు తెచ్చుకున్నాడు. వేగం పెరగలేదు, తగ్గలేదు. రాత్రి ఎనిమిదింటికి, పదిహేడు గంటల తర్వాత, ఇద్దరూ ముగింపు గీత దాటారు.

అక్కడ తెలుగు సంఘం వాళ్ళు పదిమంది పూలదండతో నిలబడి ఉన్నారు. దండ సుబ్బారావుగారి మెడలో పడింది. ఒంటరిగా మూడు వందలని ఎవరో ఫోనులో ప్రకటిస్తున్నారు. లింబాద్రి కుంటుకుంటూ సర్టిఫికెట్లు ఇచ్చే బల్ల దగ్గరికి వెళ్ళాడు. లిస్టు పట్టుకున్న బహ్రైనీ అమ్మాయి పేజీలు తిప్పి, నూట పదిహేడు ఎక్కడా నమోదు కాలేదంది, హిందీలో, మర్యాదగానే. లింబాద్రి కాలరు మడిచి నంబరు చూపించాడు. అమ్మాయి ఆ కుట్టును వేలితో తాకి చూసింది. నవ్వాలో జాలిపడాలో ఆమెకు తెలియలేదు. తొమ్మిది చోట్లా లేదు భాయ్, నేనేం చేయను అంది.

లింబాద్రి కాలరు సరిచేసుకున్నాడు. సుబ్బారావుగారి వైపు చూశాడు. ఆయన దండ సర్దుకుంటూ నేల చూస్తున్నారు.

"ఏవండీ," అంది సీతారత్నం. "లింబాద్రి ఎక్కడున్నాడో మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

సుబ్బారావుగారు దండ తీసి భార్య చేతికిచ్చి, బల్ల దగ్గరికి వచ్చారు.

"నన్ను తొమ్మిది చోట్లా రాసుకున్నారు కదా. ప్రతి చోటా ఇతను నాకు గజం ముందున్నాడు. ఒక్క గజం కూడా నేను ముందు తొక్కలేదు," అన్నారు ఇంగ్లీషులో. "నమ్మకపోతే ఇతని చొక్కా వీపు భాగం చూడండి. ఎడమ భుజం కింద ఇస్త్రీపెట్టె కాల్చిన చోట నీలం దారంతో పదకొండు కుట్లుంటాయి. ఈ దీవిలో నేను ఇవాళ చూసింది అదొక్కటే."

అమ్మాయి ఫోను లైటు వేసి చూసింది. లెక్కపెట్టింది. పదకొండు. లిస్టు మూసి సర్టిఫికెట్ తీసి పేరు రాయసాగింది.

అక్కడితో ఆగితే సరిపోయేది. సుబ్బారావుగారు ఆగలేదు. తెలుగులోకి మారి లింబాద్రి వైపు తిరిగారు.

"వీపు మీద నంబరు లేదని తెల్లవారగానే చూశానయ్యా. కావాలనే చెప్పలేదు. నంబరు లేకపోతే నువ్వు దారినపోయేవాడివి. నేను ఒంటరివాణ్ణి."

లింబాద్రికి ఒళ్ళు మండిపోయింది. ఇంత కోపం అతనికి పంతొమ్మిదేళ్ళలో రాలేదు, పావురాల మీద కూడా. అయినా గొంతు పెంచలేదు.

"మీ ఇంటి బట్టల మీది మరకలు నేను ఏనాడన్న ఎవ్వలకన్న జెప్పిన్నా సారూ?"

సీతారత్నం ఆ దండను తెచ్చి లింబాద్రి సైకిలు చువ్వకు తగిలించింది.

రాజనర్సు కాగితాన్ని ముందూ వెనకా చూసి, పేరు కూడబలుక్కుని చదివి, వ్యాను డ్రైవరుకు ఫోను చేసి రావద్దన్నాడు. మాట మీద నిలబడే మనిషే. తర్వాత ఆ సర్టిఫికెట్‌ను గల్లా పక్కన అద్దంలో పెట్టించి, వచ్చినవాళ్ళందరికీ సగం తనే తొక్కినట్టు చెప్పుకుంటున్నాడు.

మరుసటి వారం బుసైతీన్ మూటలో సుబ్బారావుగారి సైకిలు బనియను వచ్చింది. వీపు మీద పిన్నీసులతో నూట పదహారు ఇంకా వేలాడుతూనే ఉంది. లింబాద్రి పిన్నీసులు తీశాడు. ఉతికి ఆరేశాక, అంచులు కత్తిరించి, మెడ లోపలివైపు సన్నటి కుట్టుతో నంబరు కుట్టి, తోబుల మధ్య తగిలించుకుని వంతెన ఎక్కాడు. రెండు పక్కలా సముద్రం ఎక్కడికీ పోలేదు.

గుమ్మంలో సుబ్బారావుగారు బనియను వీపు తడిమి చూశారు. తర్వాత మెడ మడిచి చూశారు. "శుక్రవారం వస్తావా లింబాద్రీ?" అని అడిగారు.

"వస్త సారూ," అన్నాడు లింబాద్రి, సైకిలు ఎక్కుతూ. "జల్లాక్ దాక మీరు ముంగట నడువుండ్రి."