రేకులోంచి పిలుపు

మొన్న మా మనవరాలు సెల్‌ఫోన్ని ఓ నల్లటి బిళ్ళ మీద పెట్టి, "వైరు అక్కర్లేదు నానమ్మా, ఊరికే ఇలా పెడితే చార్జింగ్ ఎక్కేస్తుంది" అని గొప్పగా చూపించింది. గాల్లోంచి వచ్చిన కరెంటు అటూ ఇటూ ఊగుతుంటే దాన్ని ఒకవైపుకే నడిపించే ముక్క ఒకటి లోపలుంటుందని నాకు తెలుసు. తెలుసు కనకే ఒళ్ళు జలదరించింది. ఆ పనికి చిటికెడు తుప్పు చాలని డెబ్భైల చివర్లో, బెజవాడ శివార్లలోని మా అత్తవారింట్లో నేను కళ్ళారా చూశాను.

వాళ్ళది నేతపని. పెరట్లో మగ్గాలు వేసుకున్న రేకుల షెడ్డు, దాని చూరు నుంచి కొబ్బరిచెట్టు దాకా రంగులద్దిన నూలు ఆరేసే ఇనప తీగ. తీగ తెగినప్పుడల్లా మా మామగారు చేతికి దొరికిన రాగి ముక్కో ఇనప ముక్కో వేసి ముడేసేవారట. పొలాలకి అవతల రేడియో స్టేషన్ టవరు. నేను కోడలిగా వెళ్ళేసరికి ఆయన లేరు. చీరల మూట భుజానేసుకుని చల్లపల్లి మీదుగా సముద్రం వైపు పల్లెలకి అమ్మకానికి వెళ్ళారు, అప్పుడే ఉప్పెన వచ్చింది. మనిషీ దొరకలేదు, మూటా దొరకలేదు. అత్తగారు మాత్రం బొట్టు తీయలేదు. బంధువులు వచ్చినప్పుడల్లా ఆ మాటే ఎత్తేవాళ్ళు. "కళ్ళతో చూడందే ఎట్టా తీసేది?" అని ఆవిడ కూర పొయ్యి మీదికెక్కించేది. నన్నడిగితే ఆ ఇంట్లో ధైర్యమున్న మనిషి ఆవిడొక్కతే.

ఒకరోజు పొద్దుగూకే వేళ ఆవిడ షెడ్డు రేకుకి చెవి ఆనించి నిలబడి ఉంది. నన్ను చూసి, "మీ మామగారమ్మా. 'ఇదిగో' అంటన్నారు" అంది. ఆ రోజుల్లో మా వైపు మొగుడు పెళ్ళాన్ని పేరుతో పిలవడం ఎక్కడిది? ముప్ఫయ్యేళ్ళు ఆవిడ పేరు 'ఇదిగో'నే. పాపం, మతి చలించిందనుకుంటూ నేనూ చెవి పెట్టాను. చల్లటి రేకు. లోపల, ఈగ రొద చేసినంత సన్నగా, ఒక మగగొంతు. "ఇదిగో..." అంది. కాసేపాగి, "తడిసిపోయింది" అంది. అమ్మో! నా తల దానంతటదే వెనక్కొచ్చేసింది. రెండ్రోజులు ఒంటరిగా పెరట్లోకి వెళ్ళలేదు.

మూడోనాడు అదే వేళకి ఎదురింటి రేడియోలో రైతుల కార్యక్రమం వస్తోంది. అందులో ఒక పెద్దాయన ప్రతి మాటకీ ముందు "ఇదిగో, చెప్పేది వినవయ్యా" అంటున్నాడు. పరుగున వచ్చి రేకుకి చెవి పెడితే అదే గొంతు, అదే మాట. అన్నట్టు నాది బియస్సీ ఫిజిక్సు. భయం పోయిన సంబరంలో ఉప్పుకాగితం తెచ్చి, అత్తగారిని పక్కన నిలబెట్టి, చూరు దగ్గరి తీగ ముడి మీది తుప్పంతా పోయి మెరిసేదాకా గీకాను. రేకు మూగబోయింది.

"చూశారా అత్తయ్యగారూ! టవరు నుంచి వచ్చే కరెంటు అణువంతే ఉంటుందండీ. ముందుకీ వెనక్కీ ఊగుతుంది. తుప్పు దాన్ని ముందుకి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. అలా ఒకవైపుకే పోయింది రేకుని మాటకి తగ్గట్టు అదిరిస్తుంది. అందుకే వినబడింది."

ఆవిడ వేలితో ఆ ముడిని తడిమింది.

"అంటే, పోయేదాన్ని పోనిస్తది. తిరిగి రానివ్వదు. అంతేనా?"

"అంతేనండీ!" అన్నాను, పరీక్ష పాసైనదానిలా. చదవేస్తే ఉన్నమతి పోవడమంటే ఇదే.

ఆవిడ లోపలికెళ్ళింది. కాసేపటికి దీపం పట్టుకుని వసారాలోకి వస్తే, నుదురు బోసిగా ఉంది. బంధువులంతా కలిసి చేయించలేని పని నేనొక్కదాన్నే చేయించాను. కాళ్ళమీద పడి ఏడ్చాను. "నువ్వేం చేశావే, ఉన్నమాటే చెప్పావు" అని నా తల నిమిరింది.

తర్వాత ఎవరూ చూడకుండా ఆ ముడి మీద ఎన్నిసార్లు ఉప్పునీళ్ళు చల్లానో. తుప్పయితే పట్టింది గానీ, మళ్ళీ పలకలేదు. నిజం చెప్పడానికి నాకు ఒక్క సాయంత్రం సరిపోయింది. ఆ సాయంత్రం చెప్పకుండా ఉండాల్సిందని తెలియడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది.