మావగారి పిస్తోలుకి సూది

మా మావగారికి అల్లవరం దారిలో కొబ్బరితోటా, కొంత పొలమూ, ఊళ్లో మండువా ఇల్లూ ఉండేవి. అలాంటివి చాలామందికి ఉండేవి. ఎవరికీ లేనిది ఆయనకి ఒకటుండేది: పిస్తోలు. తెల్లవాళ్లు సామాన్లు సర్దుకుంటున్న రోజుల్లో, కాలవల ఇంజనీరుగా చేసిన ఒక దొర ఓడెక్కే ముందు ఇంట్లో వస్తువులన్నీ అమ్మకానికి పెట్టేడు. తక్కిన పెద్దమనుషులు టీ కప్పులూ, వాలుకుర్చీలూ కొనుక్కున్నారు. ఒకాయన దొరగారి కుక్కని కొన్నారు. అది తెలుగు అర్థంకాక ఆరు నెలలు బెంగ పెట్టుకుంది. మావగారు మాత్రం లైసెన్సు కోసం కాకినాడ నాలుగుసార్లు తిరిగి ఆ పిస్తోలు తెచ్చుకున్నారు.

అది మనుషుల్ని బెదిరించే రకం కాదు. పొడుగాటి గొట్టం, ఒక్కసారికి ఒక్కటే తూటా. గురిచూసి కాగితాన్ని కొట్టే పోటీల కోసం తయారైంది. దొర చేతికి వచ్చేనాటికే పాతది. ప్రతి ఆదివారం పొద్దున్న మావగారు కాఫీ తాగి, తలపాగా చుట్టుకుని, పెరట్లో వేయించిన మట్టికట్టకి గుండ్రాలు గీసిన కాగితం అంటించి, ఇరవై గజాల నుంచి అయిదు తూటాలు కాల్చేవారు. నడిమి గుండ్రానికి పది మార్కులు, బయటికి పోయేకొద్దీ తక్కువ. ఆయనకి ఒక్కో తూటాకి ఆరో ఏడో వచ్చేవి. చూడ్డానికి పాతికమంది చేరేవారు. అందులో సగంమంది ఆయన పొలం కౌలుకి చేసేవాళ్లు.

"కాగితాన్ని కాల్చడానికి అగ్గిపుల్ల చాలదాండీ?" అని ఒక రైతు నిజంగానే తెలీక అడిగేడు.

"కాల్చడం కాదయ్యా ఇది. గురి" అన్నారు మావగారు.

"ఆయ్" అన్నాడతను. కానీ తోటలో ఎలకలన్నీ కులాసాగా తిరుగుతుంటే, ఈయనకి కాగితం మీద పగేమిటో అతనికి చివరిదాకా బోధపడలేదు.

నేను అమలాపురంలో ఇంగ్లీషు మేష్టర్ని. పెళ్లయిన రెండో ఏడు వేసవిసెలవులకి అత్తవారింట్లో ఉన్నప్పుడు, ఒక ఆదివారం మావగారు మీట నొక్కితే పిస్తోలు 'టిక్' అంది. మళ్లీ నొక్కేరు. మళ్లీ టిక్. "తూటా చెమ్మగిల్లింది" అని ప్రకటించి లోపలికి వెళ్లిపోయేరు. పై ఆదివారమూ చెమ్మే. మూడో ఆదివారానికి రోహిణీకార్తె ఎండ పేలిపోతోంది. చెమ్మ అనడానికి వీల్లేక "ఇవాళ ఏకాదశి" అన్నారు.

ఆ మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచి గడియ వేసేరు. మా ఆవిడ నా మీద ఏం చెప్పిందో అనుకున్నాను. ఆయన రుమాలు విప్పి వడ్లగింజంత ఇనపముక్క నా అరచేతిలో పెట్టేరు.

"అల్లుడుగారూ, తూటా వెనకాల కొట్టే సూది విరిగిపోయిందండీ. ఇది దాని కొస. ఈ సంగతి మనిద్దరికీ తప్ప మూడో మనిషికి తెలీకూడదు."

"అత్తయ్యగారికి?"

"మంచంకింద పడితే వెతికిచ్చింది ఆవిడేనండీ. నాలుగో మనిషికి అనుకోండి."

కొత్త సూది సంపాదించే భారం నా మీద పడింది. "అది ఇంగ్లీషు పిస్తోలు, మీరు ఇంగ్లీషు మేష్టారు" అన్నారు.

ముందు ఇంటి కంసాలిగార్ని పిలిపించేం. ఆయన ముక్కని వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇనుము మా పని కాదండీ. వెండితో చేస్తాను. తుప్పు పట్టదు. అయినా తమరి హోదాకి ఇనుమేమిటండీ?" అన్నాడు. వారానికి తెచ్చేడు. ఏం చేసినా నగిషీ లేకుండా ఇవ్వడం ఆయనకి మనసొప్పదు. అందుకని సూది మొదలు దగ్గర ఒక లతా, రెండాకులూ చెక్కేడు. మావగారు ముచ్చటపడి బిగించేరు. ఒక్క దెబ్బకి దాని కొస శనగబద్దలా నొక్కుకుపోయింది. అత్తగారు ఆ వెండిముక్క పట్టుకెళ్లి మా ఆవిడ మెట్టెల్లో కలిపించేసేరు.

అప్పుడు మద్రాసులో తుపాకులమ్మే షాపుకి రాసేను. నెలకి జవాబొచ్చింది. మా పిస్తోలు చేసిన కంపెనీ యుద్ధం తర్వాత ఆ పని మానేసి కుట్టుమిషన్లు చేస్తోందట. కుట్టుమిషను సూదులైతే ఎన్ని డజన్లయినా పంపగలరట. అదే రకం పాత పిస్తోలు ఎక్కడైనా దొరికితే దాని సూది తీసి పంపుతామనీ, ముందుగా తాలూకా ఆఫీసు నుంచి అనుమతి పంపమనీ రాసేరు.

తాలూకా ఆఫీసులో హెడ్ గుమస్తాగారు చాలా మర్యాదస్తులు. కుర్చీ వేయించేరు. మంచినీళ్లు తెప్పించేరు.

"పిస్తోలుకి లైసెన్సుందాండీ?"

"ఉందండీ."

"సూదికో?"

"సూది అందులోదేనండీ."

"అందులో ఉన్నంతసేపే అందులోదండీ. విడిగా వస్తే ఆయుధభాగం. భాగమంటే ఆయుధమే. విరిగిన ముక్క ఏం చేసేరు?"

నేను బుద్ధిలేక జేబులోంచి తీసి బల్లమీద పెట్టేను. ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. "అయితే తమరు లైసెన్సు లేకుండా ఆయుధంతో సర్కారు ఆఫీసులోకి వచ్చేరన్నమాట" అన్నారు, అంతే మర్యాదగా. నాకు మా ఆవిడ కాలి మెట్టెలు గుర్తొచ్చేయి.

"పేలనిది ఆయుధం ఎలా అవుతుందండీ?" అన్నాను చివరికి.

"పేలదని రాసివ్వండి. లైసెన్సు రద్దు చేయిస్తాను."

"వద్దండీ వద్దండీ."

"అయితే పేలుతున్నట్టే కదండీ. పేలేదానికి కొత్త సూదెందుకు?"

ఆఖరికి దరఖాస్తు తీసుకున్నారు. ముక్కని కవర్లో పెట్టి, లక్క సీలు వేయించి, బంట్రోతుచేత ట్రెజరీలో భద్రపరిపించేరు. నేను సాయంత్రం బస్సు దిగేసరికి మావగారి ఊరి కిళ్లీకొట్టాయన, "అయ్యగారి సూది ట్రెజరీలో పెట్టేరటగా అండీ!" అని పలకరించేడు.

ఊరంతటికీ తెలిసిపోయింది. తెలిసినట్టు ఒక్కడూ కనపడలేదు. పై ఆదివారం అందరూ యథాప్రకారం వచ్చేరు. మావగారు నన్ను ఓసారి చూసి, బయటికొచ్చి, గురి పెట్టి, మీట నొక్కేరు. టిక్. ఆయన పిస్తోలు దించి, గొంతు సవరించుకుని, "తొమ్మిది" అన్నారు.

అందరూ కాగితంకేసి చూసేరు. తర్వాత వెనకనుంచి ఒక కౌలుదారు, "తొమ్మిదేమిటండీ, పదైతేనూ! నడిమికే దిగింది" అన్నాడు. "ఆయ్, పదేనండీ" అన్నారు మిగతావాళ్లు. నేనూ అన్నాను.

అప్పట్నించి మావగారికి గురి తప్పింది లేదు. అయిదు టిక్కులకి యాభై మార్కులు. తూటాల ఖర్చు లేదు. కాగితం మార్చే పని లేదు. పక్క ఊళ్లనుంచి కూడా రావడం మొదలెట్టేరు. ఒక బడి వార్షికోత్సవానికి ఏకాగ్రత మీద ఉపన్యాసం ఇమ్మని పిలిచేరు. ఆ ఉపన్యాసం రాసిచ్చింది నేనే. మొదట్లో మావగారు పది అనడానికి కాస్త సిగ్గుపడేవారు. మూడు నెలలయ్యేసరికి ఆ సిగ్గు పోయింది. ఆర్నెల్లకి, ఎవరైనా పది అనడం ఆలస్యం చేస్తే అటు తిరిగి చూసేవారు.

ఏడాదిన్నరకి తాలూకా ఆఫీసులో హెడ్ గుమస్తాగారికి బదిలీ అయింది. కొత్తాయన మా కాయితాలు చూసి, "ఇదేమిటండీ?" అని, జవాబు వినకుండానే ముద్ర వేసేసేరు. ఆ నెలలోనే, ఎవరో జమీందారుగారి నూతిలో పడి తుప్పుపట్టిన అదే రకం పిస్తోలు మద్రాసు షాపు చేతికొచ్చింది. దాని సూది చెక్కుచెదరలేదట. పార్సిలు కట్టి పంపేరు. మావగారు దాన్ని బిగించి, కొత్త కాగితం అంటించి, మంచి ధోవతీ కట్టుకుని ఆదివారం పెరట్లోకి వచ్చేరు.

ఢామ్మంది. కొబ్బరిచెట్ల మీద కాకులన్నీ లేచేయి. జనంలో సగం నేలమీద పడుకున్నారు. పిస్తోలుకి చప్పుడుంటుందన్న సంగతి మరిచిపోయేరు. మావగారు వరసగా అయిదూ కాల్చేరు.

కాగితం మీద ఒక్క చిల్లు లేదు.

"అయిదూ ఒకే కన్నంలోంచి పోయేయండీ!" అన్నాడు ఆ కౌలుదారే, నేలమీంచి లేస్తూ.

"కన్నమేదయ్యా?"

"పాత కన్నంలోంచండీ."

"కాగితం కొత్తదయ్యా" అన్నారు మావగారు.

మెల్లిగా కట్ట దగ్గరికి నడిచి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, అరచేత్తో కాగితమంతా తడిమేరు. ఇటు తిరిగి "సున్నా" అన్నారు, పది అన్నంత స్పష్టంగా. దానికి ఎవరూ ఆయ్ అనలేదు. ఒక్కొక్కళ్లే చెప్పులేసుకుని వెళ్లిపోయేరు.

వీధరుగు మీద కూర్చున్నాక నన్నడిగేరు: "అల్లుడుగారూ, ఇక్కణ్ణించి చూస్తే ఆ కాగితం మీద గుండ్రాలు కనిపిస్తున్నాయాండీ?"

"కనిపిస్తున్నాయండీ."

"నాకు కాగితమే కనిపించడం లేదు. కట్టమీద ఏదో తెల్లగా ఉంది, అంతే." కళ్లు చికిలించి మళ్లీ అటు చూసి అన్నారు: "ఆదివారం ఆదివారం పదులొస్తుంటే కంటిని అనుమానించడం ఎలాగండీ?"

నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆయన మెట్లు తడుముకుంటూ దిగడం, చదివిన పేపరే మళ్లీ నాచేత చదివించుకోవడం ఎన్నాళ్లుగానో చూస్తున్నాను. చూస్తూనే పది అన్నాను.

కాకినాడ తీసుకెళ్లి శుక్లాలు తీయించేం. సీసా అడుగంత మందం కళ్లద్దాలొచ్చేయి. రెండు నెలలాగి మళ్లీ మొదలెట్టేరు. మొదట మూడు వచ్చింది. తర్వాత నాలుగు, అయిదు. అయిదు దగ్గర నిలిచిపోయేరు. ఊళ్లో మాత్రం, ఆపరేషన్ చేయించుకుని ఆయన చేజేతులా గురి పాడుచేసుకున్నారని అనుకున్నారు. మూడు అని వినడానికి అంతదూరం ఎవరొస్తారు? మనుషులు తగ్గిపోయేరు. ఏకాగ్రత గురించి మళ్లీ ఎవరూ పిలవలేదు.

ఒక కార్తీకమాసం ఆదివారం, అత్తగారూ నేనూ మాత్రమే చూస్తుండగా, ఆయన కాగితం ఊడదీసుకుని గబగబా వచ్చేరు. "ఎనిమిది!" అన్నారు. మొహం వెలిగిపోతోంది.

అత్తగారు కాగితం వెలుగుకేసి పట్టుకుని చూసేరు. "చిల్లు గీత మీద పడింది. ఎనిమిదో, ఏడో?" అన్నారు.

మావగారు కళ్లద్దాలు తుడుచుకుని, కాగితం మళ్లీ తీసుకుని, చాలాసేపు పరీక్షగా చూసేరు. "ఏడే" అన్నారు సంతోషంగా. కాఫీ ఇమ్మంటూ లోపలికి నడిచేరు.