భేజ్జి సన్నే పగ

భేజ్జి ఊరి సన్నే ఒకసారి పగబట్టిందంటే ఇక మరుపుండదు. ఆ సంగతి తెలియకే జగదల్‌పూర్ వ్యాపారి శివప్రసాద్ చెడ్డాడు.

చింతపండు కొట్టి, గింజ తీసేది ఊరి ఆడవాళ్లంతా; అమ్మిపెట్టే పని మాత్రం సన్నేది. పోయిన ఏడాది ఆమె సరుకు వీడియో తీసి శివప్రసాద్‌కి పంపింది. అతనికీ తోటి సేట్లకీ ఒకే రకం ఖరీదైన ఫోన్లు. వాట్సాప్‌లో ప్రతివాడూ విసిగిస్తాడని తీసేసి, ఆ ఫోన్ల సొంత మెసేజీల్లోనే బేరాలు నడుపుతారు. సన్నే మామూలు ఫోన్ నుంచి పోయిన వీడియో అక్కడ మసకగా, నల్లగా తేలింది. శివప్రసాద్ దాన్ని సేట్లందరికీ పంపి, "భేజ్జి పేడ చూడుండ్రి" అని నవ్వాడు. ఆ మాట లారీ డ్రైవర్ నోట ఊరికి చేరింది. సేట్లెవరూ కొనలేదు. సరుకంతా సంతలో అడ్డికి పావుశేరు లెక్కన పోయింది. "నిన్ను నమ్మి మునిగినం" అని తోటి ఆడమనిషి బుధ్రి మొహం మీదే అనేసింది. సన్నేకి తల కొట్టేసినట్టయింది.

కోంటలో ఫోన్ల దుకాణం నడిపే మౌనిక అసలు సంగతి చెప్పింది. "నీ ఫోన్ మంచిదే అక్కా. సేట్లు వాడే కంపెనీ ఫోన్లల్ల ఒకదాన్నుంచి ఒకదానికైతే తేటగ పోతది. బయటి ఫోన్ నుంచైతే నలిగిపోతది. అందరూ వాళ్ల ఫోనే కొనాలె గదా!"

"గొడ్లకు కంచె ఏస్తరు గానీ, మాటకు గూడ ఏస్తరా?" అని సన్నే మండిపడింది. శివప్రసాద్‌కి ఫోన్ చేసి అడిగితే, "అది నాకెరికే. మా అసొంటి ఫోన్ కొనుక్కో" అన్నాడు. ఆమె పళ్లు నూరుతూ అదను కోసం కాచుకుంది.

ఈ ఏడాది అకాల వానలకు చుట్టుపక్కల పండంతా పాడైంది, భేజ్జిలో తప్ప. పచ్చళ్ల కంపెనీకి మాటిచ్చిన శివప్రసాద్ లారీ వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు బింకం మాత్రం తగ్గలేదు.

"ఏంది సన్నే, చూస్తున్నవ్? ఎక్కించు."

"ముందు తిని చూడు సేటూ. ఎట్లుందో నీ ఫోన్ల నువ్వే చెప్పి, పోయినేడు నవ్విన సేట్లకు పంపు. అప్పుడు మాట్లాడుదం."

గత్యంతరం లేక అతను పండు నోట్లో వేసుకుని, "భేజ్జి పండు బంగారం. పోయినేడు నేను చెప్పింది తప్పు" అని వీడియో తీసి పంపాడు. ఆ ఫోన్ నుంచి ఆ ఫోన్లకే కదా, ఈనెలతో సహా తేటగా పోయింది. వెంటనే సేట్ల ఫోన్లు మొదలయ్యాయి. సన్నే అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "పొద్దుగాల లారీలు తెండ్రి, సరుకు మీకే" అని ఆడవాళ్లందరి ముందూ చెప్పింది.

"కంపెనీకి మాటిచ్చిన సన్నే! నా పరువు పోతది!" అని శివప్రసాద్ మొత్తుకున్నాడు.

"పోనీ సేటూ. పోయినేడు నాది పోలే?"

అందరికంటే ముందు బుధ్రి నవ్వింది. ఖాళీ లారీ దుమ్ము రేపుకుంటూ పోతుంటే సన్నేకి పిసరంత జాలి కూడా కలగలేదు. ఏడాది కడుపుమంట చల్లారింది.