వెలగ చిప్పలో గంజి ఒత్తి

మా తోడికోడలు పోయి నిన్నటికి పదహారు రోజులు. ఆమె మా బావ భార్య; నేను అక్కా అనే పిలిచేదాన్ని. పొదటూరుపేటలో మా నేతవీధంతా వచ్చి చూసిపోయింది. శవం ఇంకా వాకిట్లో ఉండగానే, పందిరి కింద ఒకామె “ఎవురు మే పోయింది?” అంది. “అదే, పొగచిప్పలామె” అంది ఇంకొకామె. నా ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లయినా ఆ పేరు చావలేదు, ఆమే చచ్చింది. నాకు అక్షరం రాదు. చెప్పి రాయిస్తున్నాను. మెత్తబరచకుండా రాయమన్నాను.

అక్క చేసింది పొగచిప్పలు కాదు. వెలగపండు చిప్పల్లో తేనెమైనం పోసిన దీపాలు. కరెంటు పోయినప్పుడు మగ్గం దగ్గర కిరసనాయిలు బుడ్డి పెడితే చీరకు మసి అంటుతోందని ఆమె మొదలుపెట్టిన పని. కొండవాళ్లు తెచ్చే తేనెపట్టును నీళ్లలో ఉడకబెట్టి, పాత పంచెలో వడగట్టి, చల్లారాక తేలిన మైనం బిళ్లను తీసేది. దాన్ని నేరుగా మంట మీద పెట్టేది కాదు; వేణ్ణీళ్ల కుండలో గిన్నె పెట్టి కరిగించేది. చిప్పలో సగం పోసి ఆగేది. గడ్డకట్టి నడుమ గుంట పడ్డాకనే మిగతాది. నేను గబగబా పోయబోతే చెయ్యి పట్టుకునేది.

“మైనానికి నీ తొందర తెలీదు మే. దాని నిదానం నువ్వే తెలుసుకోవల్ల.”

ఒత్తి దగ్గర మరీ మొండి. నూలును ఉడకబెట్టి, గంజంతా పోగొట్టి, ఎండబెట్టి అప్పుడు పేనేది. గంజి ఉన్న దారం మైనాన్ని పీల్చదు. నేతవాళ్ల ఇంట్లో ఆ మాట ఎవరికెక్కుతుంది? మాకు గంజి అంటే బలం.

ఒక ఏడు ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండ కింద పూజసామాన్ల అంగడాయన నూరు చిప్పలు కావాలన్నాడు. ఆమెకు అదే తొలి పెద్ద బేరం. సరిగ్గా అప్పుడే చలిజ్వరంతో మంచమెక్కింది. బావ మగ్గం మీద మిగిలిన, గంజి పెట్టిన పడుగు దారం కోసుకొచ్చి నా ముందు పడేశాడు.

“పేనమ్మా.”

“ఉడకబెట్టొద్దా బావా?”

“దానికొక తద్దినమా? గంజి ఉంటేనే ఒత్తి నిక్కి నిలబడతాది.”

లోపలి నుంచి అక్క అరిచింది: “మగ్గం దారం మగ్గానికే! ఉడకబెట్టండి!”

“నువ్వు పండుకో. జ్వరంలో వాగతా ఉండావు,” అన్నాడు బావ.

నేను పేనాను. నూరూ నేనే పేనాను.

పండగ కాగానే అంగడాయన చిప్పల గంప తిరిగి తెచ్చి మా వాకిట్లో దించాడు.

“ఎన్నమ్మా ఇదు? ఏందమ్మా ఇది? వెలిగిస్తే చిటపట, ఆర్పకనే ఆరిపోతాది, ఆరితే పొగ! సామి పటమంతా నల్లగా అయిపోయినాది.”

వీధి విరగబడి నవ్వింది. “మా ఆడది చేసినాదయ్యా, నాకేం తెలుసు?” అన్నాడు బావ. అక్క నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఆ తర్వాత ఆమె దీపం ఎవరూ కొనలేదు. నాకు పని నేర్పిన మనిషి. నా కాన్పుల్లో నా గుడ్డలుతికిన మనిషి. ఆమె కోసం నా నోట ఒక్క మాట రాలేదు.

నిన్న కర్మానికి చుట్టాలంతా ఆకుల ముందు కూర్చోగానే లేచి నిలబడ్డాను.

“ఆ పొగ అక్కది కాదు. దారం తెచ్చింది ఈయన. పేనింది నేను.”

బావ తల ఎత్తలేదు. “ఇప్పుడెందుకమ్మా? పోయినామె లేచొస్తాదా?”

“రాదు. ఆమె ఉన్నన్నాళ్లూ నీకు నోరు లేవలేదు, నాకూ లేవలేదు. ఇప్పుడు లేచింది, విను.”

సాంబారు బకెట్టు పట్టుకున్నాయన అట్లే నిలబడిపోయాడు. అన్నం చల్లారితే చల్లారనీ అని, మొదటి నుంచి అంతా చెప్పాను.

గంప తిరిగొచ్చిన ఆ రోజు ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. జ్వరం దిగీదిగని ఒంటితో పెరట్లో కూర్చుని, కత్తిమొనతో ఒక్కొక్క చిప్పలోంచి ఒత్తి పీకింది. తర్వాత మిగిలిన పడుగు దారం నా చేతిలో పెట్టి, “ఉడకబెట్టు మే” అంది. నీళ్లు మరిగాయి. తెల్లటి గంజి నురగ పొంగి, కుండ అంచు దాటి, పొయ్యి రాళ్ల మీదికి జారుతూ ఉంది. ఇద్దరమూ దాన్నే చూస్తూ కూర్చున్నాం.